బంతి రాకముందే చూడటం: ఆటగాళ్ల మెదడు సాధనపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఆటలో చూపు, ఏకాగ్రత, నిర్ణయ వేగం గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. మెదడుకు విడిగా కసరత్తు ఇస్తే ఆట బాగుపడుతుందా అన్నదే ఎక్కువ మంది సందేహం. ఒకే రకమైన ప్రశ్నలను కలిపేసి, శిక్షకులు, క్రీడా మనస్తత్వ నిపుణులు ఇచ్చిన జవాబులను కింద ఇస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు, బ్యాడ్మింటన్ ఆడుతుంది. రోజూ అరగంట ట్యాబ్‌లో బ్రెయిన్ గేమ్స్ ఆడితే రియాక్షన్ వేగం పెరుగుతుందని ఒక యాప్ వాళ్లు చెప్పారు. రెండు వారాల్లో దాని స్కోరు రెట్టింపయింది. కోర్టులో మాత్రం నాకేమీ తేడా కనిపించడం లేదు. ఇంకొన్నాళ్లు చూడమంటారా?

మీ కంటికి కనబడుతున్నదే నిజం. యాప్‌లో స్కోరు పెరిగిందంటే ఆ యాప్‌లోని ఆట బాగా వచ్చిందని అర్థం, అంతే. 2010లో ఏడ్రియన్ ఓవెన్ బృందం 11,430 మందితో ఆరు వారాల పాటు ఇలాంటి కంప్యూటర్ కసరత్తులు చేయించి, ఫలితాలను 'నేచర్' పత్రికలో ప్రచురించింది. ఏ కసరత్తు చేశారో అందులో అందరూ మెరుగుపడ్డారు. దానికి దగ్గరగా ఉన్న ఇతర పరీక్షల్లో కూడా ఆ మెరుగుదల కనిపించలేదు. ఆటలో రాణింపుతో సహా రకరకాల లాభాలు చెప్పుకొన్న లూమోసిటీ సంస్థ, ఆ మాటలకు తగిన ఆధారం చూపలేదన్న ఆరోపణపై 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 20 లక్షల డాలర్లకు రాజీ చేసుకోవాల్సి వచ్చింది.

అసలు మంచి బ్యాడ్మింటన్ క్రీడాకారిణి 'వేగంగా' ఎందుకు కనిపిస్తుంది? తెర మీద దీపం వెలగగానే మీట నొక్కే పరీక్ష పెడితే ఆమెకూ మామూలు మనిషికీ తేడా చాలా తక్కువ. ఇద్దరికీ సెకనులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా పడుతుంది. తేడా అంతా షటిల్ రాకెట్టుకు తగలకముందే ఉంది. 1987లో అబెర్నెతీ, రసెల్ చేసిన ప్రయోగాల్లో కొత్తవాళ్లు ప్రత్యర్థి రాకెట్టును బట్టే దెబ్బను ఊహించగలిగారు. ఆరితేరినవాళ్లు రాకెట్టుతో పాటు ఆ చేతి కదలికను కూడా చదివారు. చెయ్యి రాకెట్టు కంటే ముందే కదులుతుంది కాబట్టి వాళ్లకు సమాచారం ముందే అందింది. చూసేవాళ్లకు అదే మెరుపు వేగంలా కనిపిస్తుంది.

కాబట్టి ఆ అరగంటను కోర్టు మీదకు మార్చండి. ఎదుటివాళ్లు ఒకే రకమైన చేతి ఊపుతో డ్రాప్ (నెట్ దగ్గర పడేది), క్లియర్ (వెనక గీత దాకా వెళ్లేది) రెండూ సమానంగా కలిపి కొడుతుంటే, షటిల్ నెట్ దాటకముందే మీ అమ్మాయి గట్టిగా 'ముందు' లేదా 'వెనక' అని చెప్పాలి. చెప్పిన వెంటనే అటు అడుగు వేయాలి. 20 దెబ్బలు ఒక విడత, అలాంటివి మూడు, మధ్యలో రెండు నిమిషాల విరామం చాలు. ఎన్ని సరిగ్గా చెప్పిందో రాసిపెట్టండి. రెండే జవాబులున్న ప్రశ్న కాబట్టి గుడ్డిగా చెప్పినా సగం సరిపోతాయి. 20కి 10, 11 వస్తే ఇంకా ఏమీ చదవడం లేదనే అర్థం. 15 దాటి అక్కడే నిలబడిందంటే చూపు పనిచేస్తోంది. అప్పుడు ఎదుటివాళ్లను మార్చండి. ఒక్కరి చెయ్యికే అలవాటుపడితే మిగతావాళ్ల దగ్గర అది పనికిరాకుండా పోతుంది.

ఇక ఏ యాప్ గురించైనా అమ్మేవాళ్లను ఒక్కటే అడగండి: 'దీన్ని వాడినవాళ్లు, అంతే సమయం వేరే సాధన చేసినవాళ్ల కంటే మ్యాచ్‌లో బాగా ఆడారని చూపించారా?' యాప్ సొంత స్కోర్ల గ్రాఫ్ ఈ ప్రశ్నకు జవాబు కాదు.

ప్రశ్న: నేను క్లబ్ స్థాయి బ్యాటర్‌ని, 17 ఏళ్లు. బౌలర్ వేగం 130 కిలోమీటర్లు దాటితే షాట్ ఆలస్యమైపోతోంది. నా రియాక్షన్ టైమ్ తక్కువని అందరూ అంటున్నారు. వెలగగానే చేత్తో తాకే రియాక్షన్ లైట్లు కొనుక్కోవాలా?

వద్దు. మీ సమస్య రియాక్షన్ టైమ్ అయ్యే అవకాశం చాలా తక్కువ. లెక్క చూడండి. 130 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 36 మీటర్లు. బౌలర్ క్రీజు నుంచి మీ క్రీజుకు 17.7 మీటర్లు. బంతి మీ దాకా రావడానికి దాదాపు అర సెకను. 1987లో పీటర్ మెక్‌లియడ్ ఒక ప్రయోగం చేశాడు. చాప కింద సగం గుండ్రంగా ఉన్న చెక్క కడ్డీలు పరిచి, పిచ్ మీద పడ్డాక బంతి ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియకుండా చేశాడు. ఆ చాప మీద అంతర్జాతీయ బ్యాటర్లు కూడా బంతి తిరిగిన తర్వాత సుమారు 200 మిల్లీసెకన్లు గడిస్తే గాని బ్యాట్ దిశ మార్చలేకపోయారు. మామూలు మనిషికి పట్టేదీ దాదాపు అంతే. అంటే అర సెకనులో చివరి ఐదింట రెండు వంతుల్లో ఏం చూసినా అది షాట్‌కు అందదు. షాట్ నిర్ణయమంతా మొదటి మూడు వంతుల్లోనే జరిగిపోవాలి.

2000లో మైకేల్ ల్యాండ్, మెక్‌లియడ్ కలిసి బ్యాటర్ల తలకు కెమెరా తగిలించి వాళ్ల చూపు ఎటు పోతోందో గమనించారు. బ్యాటర్ బంతి వెంటే చూపును క్షణం వదలకుండా నడపడు. వదిలిన క్షణంలో చూసి, కన్ను బంతికంటే ముందుగా పిచ్ మీద అది పడబోయే చోటికి దూకుతుంది. మెరుగైన బ్యాటర్ కన్ను ఇంకా ముందే దూకింది. 'చివరి దాకా బంతినే చూడు' అన్న పాత సలహాను వేగమైన బంతికి అక్షరాలా పాటించడం చాలా కష్టం.

అందుకని మీరు సాధన చేయాల్సింది బౌలర్ చెయ్యి, మణికట్టు, వదిలిన తర్వాత తొలి క్షణాలు చదవడం. ఒక ఫోన్, ఒక ట్రైపాడ్ ఉంటే చాలు.

స్టాన్స్‌లో మీ కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో కొలిచి, ఫోన్‌ను అదే ఎత్తులో, మీరు నిలబడే చోట పెట్టండి. ముందు వల కట్టడం మరవొద్దు. సెకనుకు 60 ఫ్రేముల్లో తీయండి. ఒక బౌలర్‌తో 36 బంతులు వేయించండి: షార్ట్, గుడ్ లెంగ్త్, ఫుల్ మూడూ కలిపి, స్లోయర్ బంతులు కూడా మధ్యమధ్యలో పడేలా. ఫోన్‌లో ఉండే మామూలు ఎడిటింగ్‌తోనే ప్రతి బంతినీ మధ్యలో కత్తిరించండి. మొదటి వారం, బంతి చెయ్యి వదిలాక 5 ఫ్రేముల దగ్గర, అంటే సుమారు 80 మిల్లీసెకన్లకు ఆపండి. రెండో వారం నుంచి సరిగ్గా వదిలే ఫ్రేము దగ్గర ఆపండి. బాగా కుదిరాక, ముందు పాదం నేలకు తాకే ఫ్రేము దగ్గర ఆపి చూడండి. తెర నల్లబడగానే బ్యాట్ చేతిలో పట్టుకుని అడుగు ముందుకో వెనక్కో వేయాలి, లెంగ్త్ ఏదో నోటితో చెప్పాలి. ఆ తర్వాతే పూర్తి క్లిప్ చూడాలి. 36 బంతులకు పావుగంట పడుతుంది. వారానికి మూడుసార్లు, నాలుగు నుంచి ఆరు వారాలు చేయండి.

మూడు జవాబుల్లో ఒకటి కాబట్టి ఊరికే ఊహించినా 36లో 12 సరిపోతాయి. వారం మారినా సరే, 20 దాటిన తర్వాతే క్లిప్‌ను ఇంకా తొందరగా ఆపే మెట్టుకు వెళ్లండి.

ఈ సాధన చెడిపోయేది ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది, క్లిప్‌ను స్లో మోషన్‌లో చూడటం. అలా చూస్తే బౌలర్ యాక్షన్ గురించి తెలుస్తుంది గాని సమయం పట్టు రాదు. కాబట్టి ప్రతిసారీ అసలు వేగంలోనే ఆడించాలి. రెండోది, అవే క్లిప్‌లను మళ్లీ మళ్లీ చూడటం. నాలుగోసారికి మీరు బంతిని కాదు, క్లిప్‌ను గుర్తుపడతారు. వెనక కనిపించే మనిషో, నీడో, ఏదో ఒకటి ముందే జవాబు చెప్పేస్తుంది. వారానికో కొత్త బౌలర్‌ను తీయండి. ఎప్పుడూ చూడని 20 క్లిప్‌లను పక్కన దాచుకుని నెలాఖరున పరీక్షకే వాడండి. మూడోది, కుర్చీలో కూర్చుని మీట నొక్కి జవాబివ్వడం. ఒంటి కదలిక లేకుండా నేర్చుకున్న చూపు క్రీజులో సగమే పనిచేస్తుంది.

ఇంకొక మాట, బౌలింగ్ మెషీన్ గురించి. దానికి చెయ్యి లేదు, మణికట్టు లేదు, చదవడానికి అందులో ఏమీ లేదు. మెషీన్ బంతులకు బ్యాటర్ అడుగు, బ్యాక్‌లిఫ్ట్ మొదలయ్యే సమయం మనిషి బంతులకు మొదలయ్యే సమయంతో సరిపోవడం లేదని పిండర్, రెన్‌షా, డేవిడ్స్ పరిశీలించి చూపారు. ఒక షాట్‌ను గట్టిపరుచుకోవడానికి మెషీన్ మంచిదే. 130 దాటిన బౌలర్‌ను ఎదుర్కోవడానికి వారమంతా మెషీన్ ముందే నిలబడితే మాత్రం మీకు కావలసిన సూచనలు లేకుండా ఆడటానికి అలవాటుపడతారు. దానికంటే 110 వేగంతో వేసే ముగ్గురు వేర్వేరు బౌలర్లు మేలు.

ప్రశ్న: బాస్కెట్‌బాల్ కోచ్‌ని. మా పిల్లలు ప్రాక్టీస్‌లో ఫ్రీత్రోలు (ఫౌల్ అయ్యాక ఎవరూ అడ్డుకోకుండా గీత దగ్గర నుంచి వేసే షాట్లు) 100కి 80 వేస్తారు. మ్యాచ్‌లో సగం కూడా పడవు. వాళ్లకు ధైర్యం చెప్పడం తప్ప మార్గం లేదా?

ఉంది. ముందు ఆ 80 ఎలా వస్తున్నాయో చూడండి. ఒకే చోట నిలబడి వరసగా 50 వేస్తే, ఒక షాట్ తప్పును మరో షాట్‌లో సవరించుకుంటూ పోతారు. మ్యాచ్‌లో ఆ వీలు లేదు. పరుగెత్తి, ఆయాసపడుతూ వచ్చి, రెండే షాట్లు, ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధన ప్రకారం రెఫరీ బంతి ఇచ్చాక 5 సెకన్లు. ప్రాక్టీస్‌లో కొలుస్తున్నది ఒకటి, మ్యాచ్‌లో కావలసింది మరొకటి.

ఇక కళ్ల సంగతి. కాల్గరీ విశ్వవిద్యాలయంలో జోన్ విక్కర్స్ 1996లో ఫ్రీత్రో వేసేవాళ్ల చూపును కొలిచి ఒక సంగతి బయటపెట్టింది. బాగా వేసేవాళ్లు చేతులు కదిలే ముందు రింగు మీద ఒకే చోట ఎక్కువసేపు చూపు నిలుపుతారు. సరిగా వేయలేనివాళ్ల చూపు రింగు, బోర్డు, వల మధ్య తిరుగుతూ ఉంటుంది. ఈ నిలకడ చూపును నేర్పవచ్చని ఆ తర్వాత 2001లో హార్ల్, విక్కర్స్ ఒక మహిళల కళాశాల జట్టుతో చూపించారు.

మీరు నేర్పాల్సిన వరస ఇదీ. గీత దగ్గర తల ఎత్తి నిలబడాలి. రింగు ముందు అంచుగాని, వెనక అంచుగాని ఒక్క చోటు ఎంచుకోవాలి. ఏది ఎంచుకున్నా తేడా లేదు, ప్రతిసారీ అదే అయితే చాలు. బంతిని మూడుసార్లు నెమ్మదిగా నేలకేసి కొట్టాలి. కొట్టేటప్పుడు బంతిని చూస్తే తప్పులేదు. తర్వాత చూపును ఎంచుకున్న చోట ఆనించి సుమారు ఒక సెకను కదపకూడదు. లోపల ఏదైనా చిన్న మాట అనుకోవచ్చు, అది ఆ సెకనును నింపడానికే. ఆ వెంటనే ఆగకుండా షాట్ వేసేయాలి. బంతి ముఖం ముందుకు రాగానే రింగు కనబడదు. ఫర్వాలేదు, అప్పటికి చూపు పని అయిపోయింది. అప్పుడు రింగు కోసం తల పక్కకు వంచేవాళ్లున్నారు, వాళ్ల షాటే ఎక్కువగా పక్కకు పోతుంది.

సరిగ్గా చేస్తున్నారో లేదో తెలియాలంటే ఒకరిని బుట్ట కింద నిలబెట్టి, ఫోన్ జూమ్ చేసి షూటర్ కళ్లను సెకనుకు 60 ఫ్రేముల్లో తీయించండి. కన్ను ఆఖరిసారి కదిలిన ఫ్రేము నుంచి మోచెయ్యి తెరుచుకోవడం మొదలైన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. 50, 60 ఫ్రేములుంటే బాగుంది. 15, 20 ఉంటే షాట్ తొందరలో పోతోంది. తప్పిన షాట్లనూ పడిన షాట్లనూ విడివిడిగా లెక్కపెట్టి పిల్లలకు చూపించండి. వందసార్లు చెప్పేదానికంటే ఆ రెండు అంకెలు ఎక్కువ పనిచేస్తాయి.

ఒత్తిడికి కూడా సాధన ఉంది. బైలాక్, కార్ 2001లో గోల్ఫ్ పుట్టింగ్ మీద చేసిన ప్రయోగంలో, కెమెరా ముందు సాధన చేసినవాళ్లు ఒత్తిడి పెట్టినప్పుడు తడబడలేదు. మామూలుగా సాధన చేసినవాళ్లు తడబడ్డారు. మనల్ని ఎవరో గమనిస్తున్నారన్న స్పృహ రాగానే అలవాటైన కదలికలో మనం వేలు పెట్టి చూసుకోవడం మొదలవుతుంది, చెయ్యి బిగుసుకుంటుంది. ఆ స్పృహ ముందే పాతబడిపోతే బిగువు తగ్గుతుంది. అందుకని 50 షాట్ల వరసను మానేయండి. ప్రాక్టీస్ మధ్యలో ఎక్కడో ఒకచోట ఈల వేసి, ఒకరిని పిలిచి, అందరూ చూస్తుండగా రెండు షాట్లు వేయించి, ఫలితాన్ని బోర్డు మీద రాయండి. రోజుకు ఒక్కొక్కరికి ఐదారు జతలు చాలు. మ్యాచ్‌తో పోల్చాల్సిన శాతం ఆ బోర్డు మీద ఉన్నదే. తప్పితే శిక్ష వేయొద్దు. అందరూ చూడటమే చాలినంత ఒత్తిడి.

ప్రశ్న: ఒకేసారి కదిలే అనేక బంతులను చూపుతో వెంబడించే 3డి తెర, మెరిసి ఆరిపోయే స్ట్రోబ్ కళ్లద్దాలు. ఈ రెండింటిలో ఏదైనా కొనదగ్గదా?

3డి బంతుల కసరత్తుకు ఒక మంచి ఫలితమే ఉంది. 2016లో రొమియాస్, ఫాబెర్ బృందం విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ ఆటగాళ్లకు దాన్ని ఇచ్చినప్పుడు పాస్ నిర్ణయాలు మెరుగయ్యాయి. డ్రిబ్లింగ్, షూటింగ్ మారలేదు. పాల్గొన్నవాళ్లు పాతికమంది లోపే. అంత చిన్న ప్రయోగాన్ని నమ్మి భారీగా ఖర్చు పెట్టమని మేం చెప్పలేం. స్ట్రోబ్ కళ్లద్దాల విషయంలోనూ అంతే. బంతి పట్టడం లాంటి పనుల్లో కొంత లాభం కనిపించింది, ఎక్కువగా చిన్న బృందాల్లో. వాడదలిస్తే వార్మప్‌లో 5 నుంచి 10 నిమిషాలు, మెత్తటి బంతితో, నెమ్మది వేగంతోనే. మూర్ఛ ఉన్నవాళ్లు, మెరిసే వెలుగుకు మైగ్రేన్ వచ్చేవాళ్లు వాటి జోలికి పోకూడదు. మిగిలిన పరికరాలన్నీ ఆట సాధనకు సమయం మిగిలితేనే.

ప్రశ్న: ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డ్ ఆడతాను. బంతి కాలికి వచ్చాక ఎవరికివ్వాలో ఆలోచించేలోపే లాగేసుకుంటున్నారు. నిర్ణయ వేగం పెరగాలంటే ఏం చేయాలి?

బంతి వచ్చాక ఆలోచిస్తున్నారంటే ముందు చూడలేదని అర్థం. నార్వే పరిశోధకుడు గేర్ యోర్డెట్ ఏళ్ల తరబడి దీన్నే లెక్కపెట్టాడు. బంతి అందే ముందరి 10 సెకన్లలో ఆటగాడు బంతి మీంచి తల తిప్పి చుట్టూ ఎన్నిసార్లు చూశాడన్నదే ఆయన లెక్క. ఎక్కువసార్లు చూసినవాళ్ల పాస్‌లు ఎక్కువగా చేరాయి.

ముందు మీ లెక్క మీరు తీయండి. ఒక స్నేహితుడిని గ్యాలరీలో కూర్చోబెట్టి, బంతిని కాకుండా 20 నిమిషాల పాటు మిమ్మల్నే వీడియో తీయించండి. మీకు బంతి వచ్చిన ప్రతిసారీ వెనక్కి 10 సెకన్లు జరిపి, తల తిప్పడాలు లెక్కపెట్టండి. ఒకటి రెండే ఉంటే కారణం దొరికినట్టే.

ఎప్పుడు తిప్పాలన్నది ఎన్నిసార్లు అన్నంత ముఖ్యం. బంతి ఒకరి కాలు వదిలి మరొకరి వైపు ప్రయాణిస్తున్నంతసేపూ దాని దారి మారదు. కళ్లు తిప్పుకోవడానికి అదే అదను. ఎవరైనా కాలు ఎత్తి తన్నబోతుంటే మాత్రం చూపు బంతి మీదే ఉండాలి. నలుగురు పాస్ చేసుకుంటుండగా మీ వెనక ఒకరు నిలబడి ఎరుపో పసుపో బిబ్ (జట్లను వేరు చేయడానికి వేసుకునే రంగు బనియన్) ఎత్తి పట్టుకునే డ్రిల్ చాలాచోట్ల చేయిస్తారు. మీరు రంగు చెప్పి అటు తిరుగుతారు. మొదటి వారానికి అది మంచిదే. తర్వాత రంగు బదులు నిజమైన ప్రత్యర్థిని పెట్టండి: ఒత్తిడి చేయడానికి వస్తే ఒక్క టచ్‌లో వెనక్కి, రాకపోతే తిరిగి ముందుకు. తల తిప్పడమే అలవాటై, చూసిందేమిటో పట్టించుకోనివాళ్లు చాలామంది ఉంటారు. రంగు చెప్పమనే డ్రిల్‌నే నెలల తరబడి చేయిస్తే అలాంటివాళ్లే తయారవుతారు.

కోచ్‌లకు కూడా ఇక్కడ ఒక మనవి. 'నువ్వు ఆ 7వ నంబర్ వాడినే చూడు' లాంటి ఇరుకు ఆదేశాలు ఇస్తే, ఆటగాడు పక్కనే ఖాళీగా ఉన్న సహచరుణ్ణి కూడా గమనించడని మెమ్మర్ట్, ఫర్లీ 2007లో చూపించారు. సాధనలో ఎన్ని తక్కువ ఆదేశాలిస్తే ఆటగాడు అంత విశాలంగా చూస్తాడు.

ప్రశ్న: అన్ని రకాల బంతులూ కలిపి సాధన చేయిస్తుంటే పిల్లలు మరీ తడబడుతున్నారు. ఒక్కొక్కటి విడిగా చేయించినప్పుడే బాగుండేది. పాత పద్ధతికి మారిపోవాలా?

మారొద్దు. ఆ తడబాటు సాధన పనిచేస్తోందనడానికి గుర్తు. 1994లో కళాశాల బేస్‌బాల్ ఆటగాళ్ల మీద హాల్, డొమింగెజ్, కవాజోస్ చేసిన ప్రయోగం చూడండి. వారానికి రెండు అదనపు సాధనలు, ఆరు వారాలు. ఒక్కో సాధనలో 45 బంతులు, మూడు రకాలు, రకానికి 15. ఒక బృందానికి ఒక రకం 15 అయ్యాక మరో రకం వేశారు. రెండో బృందానికి మూడూ కలగాపులగంగా వేశారు. చివరి పరీక్షలో మొదటి బృందం సుమారు 25 శాతం మెరుగైతే, రెండోది 57 శాతం దాకా మెరుగైంది. ఒకే బంతి వరసగా వస్తుంటే ఏ బంతో గుర్తుపట్టే పనే ఉండదు. ఆటలో అసలు పని అదే కదా.

అయితే కొత్త షాట్ నేర్చుకునే మొదటి రోజుల్లో పిల్లాడికి ముందు కదలిక కుదరాలి. ఆ షాట్‌ను 10కి 6సార్లు చెప్పుకోదగ్గట్టు ఆడేదాకా విడిగా చేయించి, ఆ తర్వాత కలపండి. సాధన చివర్లో స్కోరు చూసి మార్కులు వేయొద్దు. రెండు రోజుల తర్వాత, వార్మప్ కాగానే, పది బంతులతో కొలవండి. నేర్చుకున్నది నిలిచిందో లేదో అప్పుడే తెలుస్తుంది. పిల్లలకూ తల్లిదండ్రులకూ ఈ సంగతి ముందే చెప్పి పెట్టకపోతే రెండో వారంలోనే అందరూ నీరుగారిపోతారు.

ప్రశ్న: మ్యాచ్‌కు ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో ఫోన్ చూస్తూ కూర్చుంటే నిజంగా నష్టమా? ఒళ్లు అలసిపోదు కదా!

ఒళ్లు అలవదు, కానీ పడుతున్న కష్టం ఎక్కువగా తోస్తుంది. 2009లో మార్కోరా, స్టయానో, మ్యానింగ్ 16 మందికి 90 నిమిషాల పాటు ఏకాగ్రత కావలసిన కంప్యూటర్ పని ఇచ్చి, ఆ వెంటనే సైకిల్ తొక్కించారు. మామూలు రోజు 754 సెకన్లు తొక్కినవాళ్లు ఆ రోజు సగటున 640 సెకన్లకే ఆపేశారు. గుండె, ఊపిరి, కండరాలు ఆపమనలేదు. అదే పని బరువుగా అనిపించింది, అంతే. ఫుట్‌బాల్ ఆటగాళ్లలో ఇలాంటి అలసట పాస్‌లనూ షాట్లనూ దెబ్బతీస్తుందని తర్వాత తేలింది. సోషల్ మీడియా యాప్‌లు 15 నిమిషాలు చూస్తే కనిపించని నష్టం, 30, 45 నిమిషాలు చూసినప్పుడు పాస్ నిర్ణయాల్లో కనిపించింది.

కాబట్టి మ్యాచ్‌కు గంట ముందు నుంచి ఫోన్ సంచిలో ఉండాలి. పాటలు వినాలంటే ముందే జాబితా పెట్టుకుని తెర ఆర్పేయండి. అదే గంటలో వీడియోలు చూపించే పెద్ద సమావేశం పెట్టి కొత్త వ్యూహాలు నూరిపోసే కోచ్‌లు చేసేదీ ఇదే నష్టం. అలాంటివి ముందురోజే ముగించాలి.

కొందరు ఈ అలసటనే సాధనగా మార్చుకుంటున్నారు. వ్యాయామం అయ్యాక 20 నుంచి 30 నిమిషాలు రంగు, పదం తికమక పెట్టే స్ట్రూప్ లాంటి విసుగు పని చేసి, మానసిక అలసటను తట్టుకునే శక్తి పెంచుకోవడం. ఓర్పు అవసరమైన పరుగు, సైక్లింగ్ లాంటి వాటిలో కొంత ఫలితం కనిపిస్తోంది. సీజన్‌కు ముందు నెలల్లో వారానికి రెండు మూడుసార్లు చేయొచ్చు. పోటీలున్న వారంలో వద్దు.

ప్రశ్న: కళ్లు మూసుకుని ఆటను ఊహించుకోమంటారు. ఎంతసేపు? ఎలా?

ఒక విడత 20 నిమిషాలు మించకూడదు. చాలామందికి 10 చాలు. పడుకుని, కళ్లు మూసుకుని, గెలిచి కప్పు ఎత్తుతున్నట్టు ఊహించుకోవడం వల్ల ఆట బాగుపడదు. హోమ్స్, కాలిన్స్ 2001లో చెప్పిన పద్ధతి ఆధారంగా ఇలా చేయండి: ఆట దుస్తుల్లో, ఆట బూట్లతో, చేతిలో రాకెట్టో బ్యాటో పట్టుకుని నిలబడండి. వీలైతే కోర్టులోనే. మీ కళ్లకు కనిపించినట్టే ఊహించండి, ప్రేక్షకుడి వైపు నుంచి కాదు. అసలు కదలికకు ఎంతసేపు పడుతుందో ఊహలోనూ అంతే పట్టాలి. స్టాప్‌వాచ్ పెట్టి చూసుకోండి. సర్వ్ ముందరి మీ వరస మొత్తానికి నిజంగా 8 సెకన్లు పట్టి, ఊహలో 3 సెకన్లకే అయిపోతోందంటే మధ్యలో ఏవో దాటేస్తున్నారు. నెల రోజుల్లో ఆట మారితే ఊహా మారాలి. పాత తప్పు కదలికనే పదే పదే ఊహించేవాళ్లకు ఆ తప్పే గట్టిపడుతుంది. శరీరంతో చేసే సాధనకు ఇది బదులు కాదు, తోడు. గాయమై కూర్చున్న వారాల్లో మాత్రం దీని విలువ చాలా ఎక్కువ.

ప్రశ్న: నిద్ర కూడా దీనికిందే వస్తుందా?

ముందు వరసలో వస్తుంది. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో 'చెరి మా' అనే పరిశోధకురాలి బృందం 11 మంది బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను 5 నుంచి 7 వారాల పాటు రోజూ 10 గంటలు మంచం మీద ఉండమంది. ఫ్రీత్రోలు 9 శాతం, మూడు పాయింట్ల షాట్లు 9.2 శాతం మెరుగయ్యాయని 2011లో ప్రచురించింది. ఇదీ చిన్న బృందమే, పోల్చి చూడటానికి రెండో బృందం లేదు. అయినా ఇందులో ఖర్చు లేదు, హాని లేదు. తెల్లవారుజామున ఐదింటికి బ్రెయిన్ గేమ్స్ కోసం పిల్లలను లేపే ఇళ్లు ఆ అరగంట నిద్ర వాళ్లకు తిరిగిచ్చేయాలి.

ప్రశ్న: తలకు దెబ్బ తగిలిన ఆటగాడికి రియాక్షన్ యాప్‌లో స్కోరు మామూలుగానే ఉంటే మళ్లీ ఆడించొచ్చా?

కూడదు. కంకషన్ (తల దెబ్బకు మెదడు పనితీరు దెబ్బతినడం) అనుమానం ఉంటే ఆ రోజు మళ్లీ మైదానంలోకి దించకూడదు, స్కోరు ఎంతున్నా సరే. యాప్‌లో పాత స్కోరు తక్కువగా ఉన్నవాడికి దెబ్బ తర్వాత కూడా అదే స్కోరు రావచ్చు. కొందరు ఆటగాళ్లు కావాలనే మొదటి పరీక్షలో తక్కువ తెచ్చుకుంటారు కూడా. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూడిన నిపుణుల సూచన ప్రకారం మొదటి 24 నుంచి 48 గంటలు తేలికపాటి విశ్రాంతి ఉండాలి. ఇంట్లో మామూలుగా నడవొచ్చు, తెర చూడటం తగ్గించాలి. ఆ తర్వాత మెట్లు మెట్లుగా పెంచుకుంటూ పోవాలి, ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. లక్షణాలు బాగా పెరిగితే ఆపి, మర్నాడు మళ్లీ ప్రయత్నించాలి. తల తగిలే ప్రమాదమున్న సాధనకు, పోటీకి ముందు వైద్యుడి అనుమతి తప్పనిసరి. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, మాట తడబడటం, చెయ్యి గాని కాలు గాని బలహీనపడటం ఏది కనిపించినా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లండి.